అంటుకథ

తమ్ముడి కాళ్లు పట్టుకుని క్షమాపణ అడగాలని పైడిరాజు నిశ్చయించుకున్న సంగతి, ఒక ఆదివారం పొద్దున్న వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుండగా సునందకి తెలిసింది.

ఆయన గుమ్మం దగ్గర నిలబడి విజయనగరం తీసుకెళ్లమని అడిగాడు. చిన్నాన్న మీద బెంగ పుట్టిందేమో అనుకుంది సునంద. రైలుపట్టాల మరమ్మతు గ్యాంగులో చేరి, ఎండలోనూ వానలోనూ పట్టాల వెంట నడిచి నడిచి రిటైరైన మనిషి ఆయన. భార్య పోయాక విశాఖపట్నంలో కూతురి దగ్గరే ఉంటున్నాడు. నోరు తెరిచి ఇది కావాలని అడిగే అలవాటు లేదు. అలాంటివాడు అడిగేసరికి, వచ్చేవారం వెళ్దాంలే నాన్నా అంది. ఆయన అక్కణ్ణించి కదల్లేదు.

"సూసి రావడానికి కాదమ్మా. నాను ఆడి కాళ్లు పట్టుకోవాల," అన్నాడు.

పెద్దవాడు చిన్నవాడి కాళ్లు పట్టుకోవడమేమిటని సునంద తరగడం ఆపి తండ్రి మొహంలోకి చూసింది. కొన్నాళ్లుగా సరిగ్గా నిద్రలేని కళ్లు. కుర్చీ లాగి వేసింది. ఆయన కూర్చోలేదు. గోడకేసి చూస్తూ, నేల మీద ఒలికిన బియ్యం ఏరుతున్నట్టు ఒక్కొక్క మాటే ఏరుకుంటూ చెప్పుకొచ్చాడు.

వయసులో ఉండగా జరిగిందట. ఏ ఊళ్లోనో గుర్తులేదు. పెద్ద హాలు, ఎత్తయిన కిటికీలు, నల్లకోట్లు వేసుకున్న పెద్దమనుషులు. తమ్ముడి చేతులు కట్టి తెచ్చి అక్కడ నిలబెట్టారు. తప్పు చేశాడో లేదో తనకి తెలియదు. కానీ ఆ పెద్దమనుషుల మధ్య తనకో కుర్చీ ఉంది. తమ్ముడు నావాడే అంటే ఆ కుర్చీ పోతుంది.

"ఈడు నీకేటవుతాడని అడిగారమ్మా. ఈడెవుడో నాకు తెల్దని సెప్పీసాను. ఆడు నన్నే సూస్తన్నాడు. ఆడి మొకం సూడనేక, నా సొక్కా సేతిమీద కొవ్వొత్తి మైనం సుక్క పడి ఎండిపోయుంటే, దాన్ని గోటితో గీకుతా సెప్పాను."

సునంద చాకు బల్ల మీద పెట్టేసింది.

ఆ మైనం చుక్క ఆమెది. ఇంగ్లీషు నాటకంలో ఎక్కడా లేదు. అబద్ధం చెప్పే మనిషి ఆ క్షణంలో కళ్లెక్కడ దాచుకుంటాడో వినేవాళ్లకి కనపడాలని, తెలుగులో చెప్పేటప్పుడు ఆమే కల్పించి పెట్టింది.

* * *

సునంద ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. క్లాసులో పాత ఇంగ్లీషు నాటకం చేతికిస్తే పిల్లలు మొదటి పేజీ దాటేవారు కాదు. చెవితో వింటే మాత్రం వాళ్లకి ఎంత పెద్ద కథైనా పట్టుబడుతుందని ఆమెకు అనుభవం మీద తెలుసు. అందుకే ఆ నాటకాలన్నీ తేలికైన తెలుగులో కథలుగా చెప్పి, రికార్డు చేసి, వాళ్ల ఫోన్లలో పెట్టేది. జ్ఞాపకాల మీద పరిశోధన చేస్తున్న డాక్టర్ ఇందుశేఖర్ చెవిన అవి పడ్డాయి. ఆయన ఆమెను తన ప్రయోగశాలకి పిలిపించాడు.

మొదటిరోజు ఆయన ఏమీ వివరించలేదు. తల వెనక మెత్తటి పట్టీ కట్టి, చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టి, సంతలో ఒక మనిషి తిరిగిన చిన్న కథ వినిపించి పంపించేశాడు. రెండురోజుల తర్వాత మాటల మధ్యలో, ఈమధ్య జాంకాయ తిన్నారా అని అడిగాడు. తిన్నానంది సునంద. ఉప్పూ కారం ఎక్కువై నాలుక మండిందని కూడా చెప్పింది. చెప్పాక గుర్తొచ్చింది, తాను జాంకాయ తిని ఏడాది దాటిందని. తిన్నది కథలో మనిషి. ఆరోజు ఆమె పడీపడీ నవ్వింది.

నవ్వాగాక ఆయన సంగతి చెప్పాడు. చదివిన పాఠాన్ని మనసు ఒకచోట పెడుతుంది, బతికిన రోజుల్ని మరోచోట పెడుతుంది. పాఠం చెరిగిపోతుంది కానీ బతుకు చెరగదు. కథ వినిపించే గొంతు కింద, చెవికి అందనంత మెల్లగా, ఈ పట్టీ ఒక లయ కొడుతుంది. దాంతో విన్న పాఠం వెళ్లి బతుకు పక్కన చేరుతుంది. ఒక్కసారి వింటే చాలు, ఇక మరిచిపోవడం ఉండదు.

నాటకాలు అలా చెప్పడం మొదలుపెట్టారు. విద్యార్థులు వాటికి అంటుకథలని పేరు పెట్టారు, మామిడికి అంటు కట్టినట్టు మనసుకి కట్టే కథలని. ఒక్కసారి విన్న పిల్లలు పరీక్షలో నాటకాన్ని కళ్లకి కట్టినట్టు రాసేవారు. అయినా కొందరిలో కథ సరిగ్గా అతుక్కోలేదు. అప్పుడు సునందే ఒక ఉపాయం చెప్పింది. కథలో 'అతడు' తీసేసి 'నువ్వు' పెడదామంది. 'నువ్వు హాల్లోకి నడిచావు. నువ్వు తల దించుకున్నావు.' అలా చెప్పేసరికి కథ అందరికీ అతుక్కుంది. ఆ సాయంత్రం ఇందుశేఖర్ అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నాడు. ఆమె స్వీట్లు పంచింది.

ఆ స్వీట్లలో సగం ఇంటికి తెచ్చి తండ్రికిచ్చింది. ఆమె చెప్పిన ప్రతి కథకీ మొదటి శ్రోత ఆయనే మరి. ఎనిమిదో క్లాసు దాటని ఆయనకి అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుందని ఆమె లెక్క. పట్టీ ఇంటికి తీసుకురాకూడదని తెలిసినా సంచిలో పెట్టుకుని తెచ్చేది. ఆయన బాల్కనీలో కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. అయ్యాక, నీ గొంతు బావున్నాదమ్మా అనేవాడు. ప్రయోగశాలలో వినేవాళ్లని ముందు పరీక్షిస్తారు, తర్వాత నెలనెలా పిలిచి మాట్లాడతారు. ఆయనని అడిగినవాళ్లే లేరు. ఆయన కూడా విన్నట్టు ఎవరికీ తెలియదు.

ఆ అన్నదమ్ముల నాటకం రెండు వందల ఏళ్ల నాటిది. పల్లెలో చేతితొడుగులు కుట్టుకునే ఇంట్లో పుట్టినవాడు పట్నం చేరి, గొప్పింటివాణ్ణని చెప్పుకుని పైకొస్తాడు. నేరం మోపి పట్టుకొచ్చిన తోడబుట్టినవాణ్ణి నిండు కోర్టులో ఎవరో తెలియదంటాడు. ఆ రెండోవాణ్ణి ఖైదీల ఓడ ఎక్కిస్తారు. వాడు దారిలోనే పోతాడు. ఇంగ్లీషులో ఆ ఇద్దరిలో ఎవరు పెద్దో ఎవరు చిన్నో లేదు, ఒకే మాటతో సరిపెట్టేశారు. తెలుగులో అలా కుదరదు. అన్నో తమ్ముడో తేల్చాలి. తమ్ముడంటే వినేవాళ్లకి జాలి ఎక్కువ కలుగుతుందని సునంద తమ్ముణ్ణి చేసింది.

ఆమె తండ్రికి అన్నలు లేరు. ఉన్నది ఒక్క తమ్ముడే.

* * *

ఉల్లిపాయలు అలాగే వదిలేసి, సునంద తండ్రి చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి తీసుకెళ్లింది. అది నాటకం నాన్నా, నేను చెప్పగా నువ్వు విన్నావు, నువ్వెవరికీ ఏ ద్రోహమూ చెయ్యలేదు అని నిదానంగా చెప్పింది. ఆయన ఆమె మాటలన్నీ విని జాలిగా చూశాడు. కన్నకూతురు కాబట్టి తన తప్పు కప్పిపెట్టాలని చూస్తోందనుకున్నాడు.

ఇక లాభం లేదని ఆమె ఆ కథ తీసి, పట్టీ లేకుండా మామూలుగా ఫోన్లో పెట్టింది. విన్నాకైనా తెలుస్తుందనుకుంది. ఆమె గొంతే, నింపాదిగా, కోర్టు హాలునీ నల్లకోట్లనీ వర్ణిస్తూ సాగింది. మైనం చుక్క దగ్గరికొచ్చేసరికి పైడిరాజు చెయ్యెత్తి ఆపమన్నాడు. 

"నా సంగతి నీకెవుడు సెప్పాడమ్మా? తమ్ముడు సెప్పాడా?"

సునంద ఫోన్ ఆపి పక్కన పెట్టింది.

"నాకు తెలిసుంటే సెప్పొద్దనేవాణ్ణి. ఇది ఊరందరూ ఇంటన్నారా?"

లేదు నాన్నా, లేదు అంది. కానీ ఆ కథ ఎన్నో కాలేజీల పిల్లలు వింటున్నారని ఆయనకి ముందే తెలుసు. కూతురి ఘనత అని అపార్టుమెంట్లో అందరికీ ఆయనే చెప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన భోంచేయలేదు. సాయంత్రం పార్కుకి వెళ్లలేదు. పక్కింటి కుర్రపిల్ల కాలేజీ సంచితో మెట్లు దిగుతుంటే చప్పున లోపలికొచ్చి తలుపేసుకున్నాడు.

సునంద వంటింట్లో నిలబడి ఇంకో మొహాన్ని తలుచుకుంది. శ్రీకాకుళం వైపు నించి వచ్చి చదువుకుంటున్న ఢిల్లీశ్వరి అనే పిల్ల. అంతకు కొన్ని వారాల ముందు స్టాఫ్‌రూముకొచ్చి, ఎవరూ లేకుండా చూసి, మేడమ్, నేను ఏటి ఒడ్డున ఒక పసిబిడ్డని వదిలేసి వచ్చినట్టు గుర్తొస్తోంది, అది నేను విన్న కథో నిజమో తెలియడం లేదు అంది. ఆ పిల్లకి పెళ్లి కూడా కాలేదు. పరీక్షల ఒత్తిడమ్మా, రాత్రిళ్లు నిద్రపో అని చెప్పి సునంద పంపించేసింది. ఇందుశేఖర్‌కి చెప్పలేదు. వచ్చే విద్యా సంవత్సరం నించి అంటుకథలు రాష్ట్రమంతటా పెట్టబోతున్నారు. వాటితో పాటు ఇచ్చే పుస్తకం మొదటి పేజీలో తన పేరు వేస్తామన్నారు. ఆ పిల్ల మాట చెబితే అదంతా ఆగిపోతుందని తనకి తెలుసు. తెలిసే ఊరుకుంది.

తన ఇంటి మనిషికి వచ్చేదాకా అది తనకి బాధగా తోచలేదు. ఆ ఆలోచన రాగానే వంటింటి దీపం కింద నిలబడలేకపోయింది.

* * *

మర్నాడు ప్రయోగశాలకి వెళ్లి ఇందుశేఖర్‌కి అంతా చెప్పింది. పట్టీ ఇంటికి తీసుకెళ్లడం, తండ్రి, ఢిల్లీశ్వరి, తాను దాచడం, ఏదీ వదల్లేదు. తిడతాడనుకుంది. ఆయన తిట్టలేదు. మీ నాన్నగారు మన పరీక్షలో లేరు కదా, ఆయన వయసు కూడా చూడాలి కదా అని ఏదో అనబోయి, మధ్యలో ఆపేశాడు. లేచి తలుపు మూసి, ఫోన్ తీసుకుని ఎవరికో చేశాడు.

అవతల ఆయన అక్కగారు. క్షేమ సమాచారాలయ్యాక ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, నాన్నగారు పోయినప్పుడు నేనెక్కడున్నాను?"

అవతలి మాట సునందకి వినపడలేదు. ఆయన వింటూ వింటూ కుర్చీలో కూలబడ్డాడు. ఫోన్ పెట్టేసి బల్ల మీద బోర్లించాడు.

"తల నా ఒళ్లోనే ఉందట. తులసినీళ్లు నేనే పోశానట," అన్నాడు. "నేనేమో కబురు తెలిసి కూడా వెళ్లలేదనుకుంటున్నాను, సునందగారూ. ఎన్నో నెలలుగా. సిగ్గేసి ఎవరినీ అడగలేదు."

ప్రతి కథా ఆయన పట్టీ కట్టుకునే విన్నాడు. చావుబతుకుల్లో ఉన్న తండ్రి పిలిస్తే వెళ్లని కొడుకు కథ కూడా అందులో ఉంది. అది చెప్పిందీ ఆమే.

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక, బల్ల మీద ఉన్న పట్టీ వైపు చూస్తూ మాట్లాడుకున్నారు. విన్నది అనే గుర్తు మొదట్లో కథతోపాటే ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ అది ఊడిపోతుంది, కథ మిగిలిపోతుంది. మంచి పనులు కూడా అలాగే మిగలాలి కదా అని సునంద అడిగింది. మిగులుతాయేమో, మునిగిపోతున్న ఓడని నేను కాపాడానా అని ఎవరూ కుమిలిపోరు కదా, అందుకే మన దాకా రాలేదు అన్నాడాయన. తియ్యడానికి దారి ఉందా అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. దాని మీద ఇంకోటి పెట్టగలను, దాన్ని మాత్రం తియ్యలేను, పెట్టే ధైర్యం కూడా ఇక లేదన్నాడు.

ఆరోజే అంటుకథలన్నీ ఆపేశారు. పట్టీ కట్టుకున్న ప్రతి ఒక్కరినీ పిలిపించి, ఏది విన్నదో ఏది జరిగిందో ఇంట్లోవాళ్ల సాయంతో విడదీయడం మొదలుపెట్టారు. సునంద మొదట ఢిల్లీశ్వరి హాస్టల్‌కి వెళ్లింది. నీకు పిల్లలు లేరమ్మా, నువ్వెవర్నీ వదల్లేదు, ఆరోజు నేను నీకు అబద్ధం చెప్పాను అంది. ఆ పిల్ల నమ్మింది. ఏడుస్తూనే నమ్మింది. ఏటి ఒడ్డు మాత్రం ఇంకా కనిపిస్తోంది మేడమ్ అంది.

పైడిరాజు నమ్మలేదు. కూతురు ఉద్యోగం పాడుచేసుకుని మరీ తనని కాపాడుతోందని ఆయనకి దిగులు ఇంకా పెరిగింది.

* * *

విజయనగరంలో పైడిరాజు తమ్ముడు అప్పలస్వామి పెద్ద డాక్టరు. బోర్డు మీద, చీటీల మీద అన్నిచోట్లా డాక్టర్ స్వామి. పండగలకీ పబ్బాలకీ అన్నకి బట్టలు పెడతాడు, సునంద పెళ్లికి దగ్గరుండి పనులు చేశాడు, కానీ అన్న ఎదుట ఎప్పుడూ ఎక్కువసేపు కూర్చోడు. ఏదో పని ఉన్నట్టు లేచిపోతాడు. అది గొప్పవాళ్ల తీరేమోననుకునేది సునంద.

అసలు సంగతి చిన్నాన్నకి ముందే ఫోన్లో చెప్పాలనుకుంది. నోరు రాలేదు. తన చేత్తో చేసినదాన్ని ఎదురుగా నిలబడి చెప్పుకోవాలనుకుని తండ్రిని తీసుకుని బయల్దేరింది. కానీ పైడిరాజు అంత వ్యవధి ఇవ్వలేదు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, ఎదురొచ్చిన తమ్ముడి కాళ్ల మీద వాలిపోయాడు.

"నువ్వెవుడో తెల్దన్నాను తమ్ముడూ. నిండు సభలో అన్నాను. నన్ను సమించు."

అప్పలస్వామి మొహం తెల్లగా పాలిపోయింది. కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. కాస్సేపటికి ఆ మొహంలోకి కోపం వచ్చింది.

"ఇన్నేళ్లు ఊరుకుని, ఇప్పుడు దెప్పడానికొచ్చావా అన్నయ్యా? ఇలాగా?" అన్నాడు.

పైడిరాజు తలెత్తాడు. గడ్డం మీదుగా కన్నీళ్లు కారుతున్నాయి. ఆ మొహంలో దెప్పిపొడుపేమీ లేదు. అప్పలస్వామికి అది అర్థం కావడానికి క్షణం పట్టింది. అన్నని లేవనెత్తి సోఫాలో కూర్చోబెట్టి, మంచినీళ్లు తెమ్మని భార్యకి చెప్పి, సునందని లోపలి గదిలోకి పిలిచాడు.

ఆమె తాను చేసినదంతా చెప్పింది. ఆయన డాక్టరు కాబట్టి పట్టీ సంగతి తొందరగానే అర్థమైంది. అర్థమయ్యాక మంచం మీద కూర్చుండిపోయాడు. తప్పు నాదే చిన్నాన్నా అని ఆమె అంటుంటే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. తర్వాత ఆయన చెప్పింది సునంద జీవితంలో ఎన్నడూ విననిది.

ఆయన మెడికల్ కాలేజీలో చదివేటప్పటి మాట. చదివిస్తున్నది అన్నే. ఒక ఆదివారం హాస్టల్ వరండాలో గొప్పిళ్ల స్నేహితులతో కూర్చుని ఉండగా, పట్టాల మీద పని దిగి, ఆ మట్టి చొక్కాతోనే, ఇంట్లో వండిన చేపలపులుసు పట్టుకుని పైడిరాజు వచ్చాడు. ఎవరతను అని ఒకడు అడిగాడు. మా ఇంట్లో పనిచేస్తాడు అన్నాడు అప్పలస్వామి.

"విన్నాడు సునందా. నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. విని ఏం చేశాడనుకున్నావ్? చేతులు కట్టుకుని, బాబుగారూ, అమ్మగారు పంపారండి అన్నాడు. నా పరువు కాపాడ్డానికి. గిన్నె అక్కడ పెట్టి వెళ్లిపోయాడు. ఆ పై ఆదివారం ఏమీ జరగనట్టే ఎప్పటిలా ఉత్తరం రాశాడు."

ఆ మాట ఎన్నిసార్లు ఎత్తుదామనుకున్నాడో, ఎన్నిసార్లు అన్న ఎదుట కూర్చుని నోరు పెగలక లేచిపోయాడో చెప్పాడు. రేపు, ఎల్లుండి, వచ్చే పండక్కి అనుకుంటూ ముసలివాడైపోయాడు. సునంద గోడకి ఆనుకుని విన్నది. తాను కల్పించిన మైనం చుక్క వచ్చి కూర్చున్నది ఖాళీ చోట కాదని ఆమెకి అప్పుడు తెలిసింది.

ఇంక ఆగలేనన్నట్టు అప్పలస్వామి హాల్లోకి వెళ్లాడు. అన్న ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పట్నం మాట, డాక్టరు మాట, అన్నీ ఎక్కడో జారిపోయాయి.

"నువ్వు కాదన్నియ్యా. నానే. హాస్టల్లో నిన్ను పనోడన్నాను. ఆ మాటన్నది నానే."

పైడిరాజు శ్రద్ధగా విన్నాడు. జ్ఞాపకం తెచ్చుకుంటున్నట్టు కనుబొమలు ముడిచాడు. సునంద తండ్రి మొహాన్నే చూసింది. ఆ వరండా ఆయనకి ఏ మాత్రం గుర్తొచ్చినా చాలనుకుంది. ఆయన మెల్లగా తల ఊపి, తమ్ముడి భుజం మీద చెయ్యేశాడు.

"అలాటిదేటీ జరగనేదురా. నా మనసు తేలిక సెయ్యడానికి కట్టి సెప్తన్నావు. సిన్నప్పట్నించీ నీది అదే మనసు."

జరిగిందన్నియ్యా అంటూ అప్పలస్వామి ఆనవాళ్లన్నీ చెప్పాడు. వరండా, స్నేహితుల పేర్లు, చేపలపులుసు. చెప్పేకొద్దీ పైడిరాజు మొహంలో తమ్ముడి మీద మురిపెం పెరిగింది, తన మీద అసహ్యం పెరిగింది. ఇంత మంచివాణ్ణా నేను కాదన్నది అని మళ్లీ కాళ్ల వైపు వంగబోయాడు. వంగకుండా అప్పలస్వామి ఆ రెండు చేతులూ పట్టుకున్నాడు. పట్టుకుని సునంద వైపు చూశాడు. దారేదైనా చెప్పమన్నట్టున్న ఆ చూపు ఆమె తట్టుకోలేకపోయింది. తల దించుకుంది.

అప్పలస్వామి అన్న వైపు తిరిగాడు.

"క్షమించానన్నియ్యా," అన్నాడు.

ఎప్పుడో తానే పరాయివాణ్ణి చేసిన అన్నని, ఇప్పుడు తానే క్షమించాడు. అంతకన్నా సిగ్గుమాలిన మాట తన నోటినుంచి మరొకటి రాలేదన్నట్టు, అనేసి పెదవి కొరుక్కున్నాడు. పైడిరాజు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఇన్నాళ్ల తర్వాత ఆకలేస్తోందన్నాడు. ముగ్గురికీ భోజనాలు వడ్డించారు. ఆయన రెండుసార్లు అన్నం అడిగి పెట్టించుకుని తిన్నాడు. అప్పలస్వామి కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాడు. 

* * *

తిరుగు బండికి అప్పలస్వామి స్టేషన్ దాకా వచ్చాడు. వద్దన్నా వినకుండా అన్న సంచి తానే మోశాడు. ప్లాట్‌ఫారం మీద ఊళ్లో పేరున్న వ్యాపారి ఒకాయన భార్యతో ఎదురై, డాక్టరుగారూ మీరేమిటి ఇలా అని పలకరించి, పక్కనున్న ముసలాయన ఎవరని అడిగాడు.

"మా అన్నయ్య," అన్నాడు అప్పలస్వామి. అక్కడితో ఊరుకోలేదు. "రైల్వేలో పట్టాల పని చేసి నన్ను డాక్టర్ని చేశాడు. ఇదంతా ఆయన పెట్టిందే," అని, చుట్టుపక్కలవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా చెప్పాడు. ఏళ్ల తరబడి గొంతులో పెట్టుకు తిరిగిన మాట అది. చెప్పి అన్న మొహం వైపు ఆత్రంగా చూశాడు.

పైడిరాజు ఆ మాటకి నిలువునా కుంగిపోయాడు. వ్యాపారికి దండం పెట్టబోయి, ఆగి, కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పలస్వామి సంచి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. బండి వచ్చింది. సునంద తండ్రిని ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టింది. చిన్నాన్న సంచి అందించి, అన్న చేతిని కిటికీ ఊచల మధ్య నించి ఒకసారి పట్టుకుని వదిలాడు.

బండి కదిలి, స్టేషన్ దాటి, పొలాల్లోకొచ్చాక పైడిరాజు కండువా తీశాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"సూసావా అమ్మా," అన్నాడు. "నలుగురిలో ఆడెవుడో తెల్దని నానంటే, ఆడు నలుగురిలో నన్ను అన్నియ్యన్నాడు. ఆడు సమించీసాడు గానీ, నా మొకం నాను ఎలగ సూసుకోను?"

సునంద ఏదో చెప్పబోయింది. తన గొంతు తన చెవికే వినపడి, ఆపేసింది. తండ్రి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. బండి విశాఖపట్నం చేరేదాకా ఆ చేతినే చూస్తూ కూర్చుంది కానీ, ఆయన మొహంలోకి ఒక్కసారి కూడా చూడలేకపోయింది.